శ్రీనివాసరావుకు ముప్ఫై బైట్లేనా?

మహారాజశ్రీ డేటాబేసు పట్టికలు గీసే దొరలవారి సముఖమునకు, ఏటా గడువులోపే ఇంటిపన్ను కట్టే ఒక గృహస్థు చేసుకొను ఫిర్యాదు ఏమనగా:

అయ్యా, నా పేరు శ్రీనివాసరావు. ఈ ఏడు పన్ను నోటీసు మాత్రం ‘శ్రీనివాసర’ అనే పెద్దమనిషి పేరిట వచ్చింది. ‘రా’కు దీర్ఘం ఎగిరిపోయింది, ‘వు’ జాడే లేదు. బకాయి అంకెల్లో ఒక్క సున్నా కూడా రాలిపోలేదు. కౌంటరు దగ్గర అడిగితే, “పేరు కాలమ్ ముప్ఫైయేనండీ, అంతకు మించి పట్టదు” అన్నాడు కుర్రాడు. ముప్ఫై అక్షరాల పేరు మా వంశంలోనే ఎవరికీ లేదే అని ఆరా తీశాను.

ఆ ముప్ఫై అక్షరాల లెక్క కాదట, బైట్ల లెక్కట. ఒరాకిల్‌లో వార్‌చార్2 అని రాసి పక్కన 30 వేస్తే, వేరే సెట్టింగు పెట్టనంతవరకు అవి ముప్ఫై బైట్లే. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు కావాలి. పైగా ‘శ్రీ’ మన కంటికి ఒక్కటే గానీ యంత్రానికి నాలుగు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. అంటే ఒక్క శ్రీకారానికే 12 బైట్లు ఖర్చు. నా పేరు మొత్తం 13 సంకేతాలు, 39 బైట్లు. ఇంగ్లీషులో రాస్తే 12తో సరి. ముప్ఫై బైట్లలో పది సంకేతాలు పడతాయి. పదోది ‘ర’. కత్తి సరిగ్గా అక్కడే పడింది.

ఇందులో డేటాబేసు తప్పేమీ లేదు. పట్టనిది ఇస్తే ఒరాకిల్ ‘ఓరా-12899’ అని తప్పు చూపి వెనక్కి పంపుతుంది. ఆ గొడవెందుకని ప్రోగ్రాము రాసినవారు ముందే తోక కత్తిరించి అందిస్తారు. ఇనుప పెట్టెకున్న నిజాయితీ మనిషికి లేకపోయింది.

పోనీ, స్థలానికి కరువా అంటే అదీ కాదు. అదే 30ని చార్ రకంలో పెట్టి, ‘రమ’ అనే రెండక్షరాల ఇల్లాలి పేరు నింపండి. ఆరు బైట్ల పేరుకు 24 ఖాళీలు జతచేసి భద్రంగా దాస్తుంది. మూడు పడగ్గదుల ఇల్లు కట్టి ఒంటి మనిషికి అద్దెకిచ్చి, ఉమ్మడి కుటుంబాన్ని వరండాలో పడుకోబెట్టినట్టుంది ఈ న్యాయం.

ప్రశ్నార్థకాల బాధ మరొకటి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో లాటిన్ అమరికతో ఉన్న మామూలు వార్‌చార్ కాలమ్‌లో తెలుగు పేరు పోస్తే, 13 సంకేతాలకూ 13 ప్రశ్నార్థకాలు మిగులుతాయి. ఎన్‌వార్‌చార్ అని ఒక్క ‘ఎన్’ చేర్చి, పేరు అందించేటప్పుడు కూడా ఆ ‘ఎన్’ మరవకపోతే నిక్షేపంగా ఉండేది.

ఇక మర్యాదస్థులకు పడే శిక్ష వినండి. మైఎస్‌క్యూఎల్‌లో ‘యూటీఎఫ్8’ అని పేరుపెట్టినది చాలాకాలం మూడు బైట్ల వరకే మోసింది. ఫోనులో మనం పెట్టే దణ్ణం బొమ్మకు నాలుగు కావాలి. 2010లో నాలుగు బైట్లు మోసే ‘యూటీఎఫ్8ఎంబీ4’ వచ్చింది. పాత కాలమ్‌లో, కట్టుదిట్టం లేని సెట్టింగు ఉంటే, బొమ్మ దగ్గర్నుంచి వెనకున్నదంతా పోతుంది. దణ్ణం పెట్టి మొదలుపెట్టిన అర్జీ ఖాళీ కాగితమవుతుంది. తిట్టుతో మొదలుపెట్టి చివర దణ్ణం పెట్టినవాడి అర్జీ మాత్రం దివ్యంగా చేరుతుంది!

కనుక విన్నపం. తెలుగు యూనికోడ్‌లో 1991 నుంచీ ఉంది, కొత్తగా దిగిన చుట్టం కాదు. కాలమ్ కొలత బైట్లలో కాక అక్షరాల్లో చెప్పండి. ఒరాకిల్‌లో అంకె పక్కన ‘చార్’ అని ఒక్క మాట రాస్తే చాలు. అప్పుడు కూడా గుణింతం, ఒత్తు విడివిడిగా లెక్కకొస్తాయి గనుక ధారాళంగా వంద ఇవ్వండి. వార్‌చార్‌లో వాడని చోటు ఊరికే నిండదు, మీ సొమ్మేం పోదు. ఈ పనంతా మా పేర్లు ఎక్కించకముందే చెయ్యండి. ఒకసారి ప్రశ్నార్థకంగా నిల్వైన అక్షరం, తర్వాత కాలమ్ మార్చినంత మాత్రాన తిరిగి రాదు.