కవరు మలిజన్మ

గుంటూరు ఇళ్లలో ప్లాస్టిక్ కవరుకు రెండు జన్మలు: కూరగాయల బండి దగ్గర ఒకటి, చెత్తబుట్టలో ఇంకొకటి. చీరల షాపు మందపు కవరు మాత్రం బీరువాలోనే ఉంటుంది, దానికి పరువుంది. మిగతావాటికి నీళ్ల పరీక్ష. కారితే ఉల్లిపొట్టుకు, కారకపోతే చేప పొలుసుకు, పిల్లి దొడ్డికెళ్లిన ఇసుకకు. 120 మైక్రాన్లలోపు మందం ఉన్న కవర్లను కేంద్రం 2022 డిసెంబరు 31 నుంచి నిషేధించింది. మిరపకాయను తుంచి చూసి ఘాటు చెప్పే జనానికి కూడా మైక్రాన్లు కంటికి ఆనవు. బండివాడికి అదే ధీమా. తడి చెత్త ఆకుపచ్చ డబ్బాలో, పొడి చెత్త నీలం డబ్బాలో వేయాలని నిబంధన. ఎంగిలి మెతుకులను కవరులో కుక్కి, గట్టిగా ముడేసి ఆకుపచ్చ డబ్బాలో పడేస్తే ఆ నిబంధన పాటించినట్టే లెక్క. ఆ ముడి విప్పాల్సింది పారిశుద్ధ్య కార్మికురాలే, అదీ చాలాసార్లు ఉత్త చేతులతో.