శ్రీరామ రాసిన ఫైళ్ళు

మా బావగారు మాంట్రియల్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఆయన కారులో గడియారం మాత్రం ఏడాదిలో ఎనిమిది నెలలు గంట వెనకే నడుస్తుంది. మార్చిలో ఊరంతా గంట ముందుకు జరుపుకుంటే ఈయన జరపరు. "నవంబరులో అదే సరిపోతుంది లేవోయ్" అంటారు. డిసెంబరు 1కల్లా చలికాలం టైర్లు వేయించేది కూడా క్యుబెక్‌లో చట్టం ఉంది కాబట్టే. జూలై 1 వస్తే ఇక్కడ వీధివీధినా ఇళ్ళు మారే సందడి. బావగారూ పార్క్ ఎక్స్‌టెన్షన్‌లోనే మూడిళ్ళు మారారు. మూడింట్లోనూ కందిపప్పు డబ్బా పొయ్యికి ఎడమ పక్క, పై అరలో, రెండోది. మా అక్కకి ఆ అర అందదు. స్టూలేసుకుంటుంది.

ఉద్యోగం సర్వర్లు చూసుకోవడం. అక్కడా ఇదే కాపురం. డెబియన్ లినక్సులో ప్యాకేజీ అప్‌గ్రేడ్ చేస్తుంటే, ఆ పని చూసే డీపీకేజీ అనే ప్రోగ్రాము ఒక్కోసారి మధ్యలో ఆగి అడుగుతుంది: ఈ కాన్ఫిగ్ ఫైల్లో మీరేదో మార్చుకున్నారు, మా దగ్గరా కొత్తది వచ్చింది, ఏం చెయ్యమంటారు? వై నొక్కితే కొత్తది, ఎన్ నొక్కితే పాతది, డి నొక్కితే రెండింటికీ తేడా. ఏదీ తేల్చుకోలేక ఉత్త ఎంటర్ కొట్టినా పాతదే ఉంటుంది. ఈ చివరి మాట బావగారికి వేదం. "కోడలొచ్చిందని అత్తగారిని పెరట్లోకి పంపని మర్యాద" అని డీపీకేజీని మెచ్చుకుంటారు. రెడ్‌హ్యాట్ వాళ్ళ ఆర్‌పీఎం ఆయనకి గిట్టదు. అది అడగదు. ఒక్కోసారి కొత్తదాన్ని ఆర్‌పీఎంన్యూ అని పక్కన పెడుతుంది, ఒక్కోసారి పాతదానికే ఆర్‌పీఎంసేవ్ అని పేరు తగిలించి అరుగు మీద కూర్చోబెడుతుంది. "చెప్పాపెట్టకుండానా!" అంటారు.

డి నొక్కకుండా మాత్రం ఉండరు. ప్లస్సులూ మైనస్సులూ ఉన్న వరసలన్నీ, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, సంబంధం వాళ్ళు పంపిన జాతకంలా ఒక్కొక్కటే చదువుతారు. "బాగానే రాశారు" అంటారు. ఎన్ నొక్కుతారు. కొత్తవన్నీ డీపీకేజీ-డిస్ట్ అనే తోకతో పక్కన పడుంటాయి. భద్రత కోసం బిగించిన వరసలు కూడా అందులోనే, బీరువా అడుగున పెట్టుబడి చీరల్లాగా మగ్గుతుంటాయి. నేను గొణిగితే, "అవసరమైతే తీసి కట్టుకోవచ్చుగా" అంటారు. తీయరు.

ఇంతకీ, మనం ముట్టుకోని ఫైలైతే డీపీకేజీ అడగదు. చెక్‌సమ్ పోల్చుకుని నోరెత్తకుండా కొత్తది పెట్టేస్తుంది. ఈ సంగతి తెలిసిన రాత్రి బావగారికి నిద్ర పట్టలేదు. మర్నాడు కాన్ఫిగ్ ఫైళ్ళుండే ఎట్సీ డైరెక్టరీలో ఒక్కో ఫైలూ తెరిచి, పై వరసలో హ్యాష్ గుర్తు పెట్టి 'శ్రీరామ' అని రాసుకుంటూ పోయారు. హ్యాష్ చెల్లని చోట సెమీకోలన్ పెట్టి శ్రీరామ. ఆ వరసని ప్రోగ్రాము పట్టించుకోదు, కానీ ఫైలు మారినట్టే లెక్క. ఇక ఏ ఫైలు మార్చాలన్నా డెబియన్ మా బావగారిని అడిగి తీరాలి.

2017 ఆగస్టులో డెబియన్ వాళ్ళ ప్రపంచ సభ, డెబ్‌కాన్, మా ఊళ్ళోనే కొలేజ్ ద మెజొన్నవ్‌లో జరిగింది. బావగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తిరణాలకి వెళ్ళినట్టు వెళ్ళొచ్చారు. ఏం తెలుసుకున్నారని అడిగాను. "డిఫాల్ట్ మార్చే ఉద్దేశం ఎవరికీ ఉన్నట్టు లేదు" అని స్థిమితంగా సాంబారు కలుపుకున్నారు.

ఇన్ని చేసినా నమ్మకం చాలక, అప్‌గ్రేడ్‌కి ముందు ప్రతి ఫైలుకీ ఓ నకలు. పేర్లలో తేదీలుండవు: సంక్రాంతి_ముందు, నాన్నగారి_తద్దినం_తర్వాత, అమ్మాయి_పరీక్షలు. మొన్నో ఉగాదికి మనవాళ్ళ సభ టికెట్లమ్మే వెబ్‌సైటు సర్వర్‌ని డెబియన్ 12కి మారుద్దామని కూర్చున్నాం. బయట ఇంకా మంచు. రీబూట్ చేశాక సైటుని నడిపే ఎన్‌జినెక్స్ లేవనంది. గంటన్నర. బావగారు ప్యాకేజీవాళ్ళని తిట్టారు, నన్ను తిట్టారు, వై నొక్కి ఉంటానని అనుమానించారు. చివరికి చూస్తే సైట్స్-ఎనేబుల్డ్ డైరెక్టరీలో, అసలు ఫైలు పక్కనే, ఆయన తొందరలో చేసిన నకలు: ఉగాది_ముందు. ఆ డైరెక్టరీలో ఏ పేరుతో ఏమున్నా ఎన్‌జినెక్స్ చదువుతుంది. ఒకే పోర్టుకి ఇద్దరు డిఫాల్ట్ సర్వర్లు తేలేసరికి మొండికేసింది. రెండింటి తల మీదా శ్రీరామ.

బావగారు చాలాసేపు మాట్లాడలేదు. "తీసెయ్" అన్నారు మెల్లిగా. అక్క స్టూలెక్కి టీ పొడి డబ్బా తీస్తోంది.

తీసేశాను. సైటు లేచింది. గుమ్మం దాకా వచ్చి, నేను బూట్లు వేసుకుంటుంటే గొంతు తగ్గించి అడిగారు: "నిజంగా డిలీట్ చేశావా?"

"లేదు బావగారూ. నా హోమ్ డైరెక్టరీలోకి జరిపాను. పేరు 'ఉగాది_తర్వాత' అని పెట్టాను."