పాన్‌గల్ కోటకు తప్పిన గండం

2012 నాటి 'ఏక్ థా టైగర్'తో మొదలై 'స్పై యూనివర్స్'గా, అంటే వేర్వేరు చిత్రాల నాయకులు ఒకే కథాలోకంలో తిరిగే ఏర్పాటుగా పెరిగిన పరంపరలో ఆరవదైన 'వార్ 2', ఎన్టీఆర్‌ను చేర్చుకొని 2025 ఆగస్టు 14న తెలుగులోనూ విడుదలైంది. దేశరహస్యాలు దాచవలసిన ఇందులోని గూఢచారులిద్దరూ కండలను మాత్రం దాచలేదు.

వారి సాహసాలు చూస్తే ఓ పాత ముట్టడి గుర్తుకొస్తుంది: 1417 ప్రాంతంలో బహమనీ సుల్తాను ఫిరోజ్ షా సేనలు పాన్‌గల్ కోటను రెండేళ్లు ముట్టడించి, శిబిరంలో వ్యాధి ప్రబలి, చివరకు విజయనగర సేనల చేతిలో ఓడిపోయాయి. పాపం, వారికి గ్రాఫిక్స్ విభాగం లేదు. అదే పని 'వార్ 2' నాయకుడు కబీర్‌కు అప్పగించి ఉంటే, విమానం మీది నుంచి బురుజుపైకి దూకి, జుట్టు చెదరకుండా, విశ్రాంతిలోపే ముగించేవాడు.

తరువాతి భాగపు బడ్జెట్‌లో కథకూ చిటికెడు కేటాయించవలసిందిగా నిర్మాతలకు ప్రేక్షకుల విన్నపం.