పదహారు ప్రాసెసర్లూ ఒక పరిశోధక విద్యార్థీ

ఒకే మెమరీని పంచుకుంటూ ఏకకాలంలో పనిచేసే అనేక ప్రాసెసర్ల నిర్మాణాన్ని వివరించే మల్టీప్రాసెసర్ ఆర్కిటెక్చర్ అనే పాఠ్యాంశం ఎంటెక్, ఎంఎస్ విద్యార్థికి కొత్త విషయాలు నేర్పడానికే ఉన్నదని సిలబస్ పత్రాలు చెబుతాయి గాని, అది ముందుగా చేసే పని అతడు బీటెక్‌లో నమ్మి, పరీక్ష రాసి, ఉత్తీర్ణుడైన రెండు సంగతులను అతని చేత వదిలించడం. ప్రోగ్రాములోని ఆదేశాలు రాసిన వరుసలోనే అమలవుతాయన్నది మొదటిది. మెమరీలో ఒకచోట దాచినదాన్ని తిరిగి అడిగితే చిట్టచివర దాచిన విలువే వస్తుందన్నది రెండవది. ప్రాసెసర్ ఒక్కటే ఉన్నంతకాలం ఈ రెండు నమ్మకాలకూ వచ్చిన లోటు లేదు. రెండోది పక్కన చేరగానే ఎవరి వరుస వరుస, ఎవరి చివర చివర అన్న తగాదా మొదలై, సెమిస్టరు ముగిసినా తీరదు.

ఈ తగాదాకు మూలం వేడి. 2000 దశాబ్దపు తొలి ఏళ్ల దాకా ప్రాసెసర్ల క్లాక్ వేగం ఏటికేడు పెరుగుతూ పోయింది గనుక, ప్రోగ్రాములు రాసేవారు ఏ శ్రమా పడకుండానే వారి ప్రోగ్రాములు వేగవంతమయ్యేవి. విద్యుత్తునూ వేడినీ భరించలేక పెంటియం 4 వేగం 3.8 గిగాహెర్ట్జ్ దగ్గర నిలిచిపోగా, 2004లో ఇంటెల్ సంస్థ తేజస్ అనే తదుపరి నమూనాను విరమించుకొని, తనంతట తాను ఆదేశాలను అమలు చేయగల కోర్లను ఒకే చిప్‌పై రెండేసి పెట్టే దారి పట్టింది. ఐబీఎం 2001లోనే పవర్4తో ఆ పని చేసి చూపింది. హార్డ్‌వేర్ వారు తమ కష్టాన్ని ఇలా సాఫ్ట్‌వేర్ వారికి దానం చేయగా, ఆ దానం పుచ్చుకోవడానికి ఒక కోర్సు అవసరమైంది.

పని పంచితే వేగం ఎన్నో రెట్లు పెరుగుతుందన్న ఆశపై జీన్ అమ్‌డాల్ 1967లోనే నీళ్లు చల్లాడు. పంచడానికి వీలులేని భాగం పనిలో పదోవంతు ఉంటే, పదహారు ప్రాసెసర్లు పెట్టినా వేగం 6.4 రెట్లకు మించదు, వెయ్యి పెట్టినా పది రెట్లను అందుకోదు. పరిశోధనశాలలోని వారికి ఈ సూత్రం లెక్క వేయకముందే అర్థమవుతుంది. ఎందరు ఎంత రాసినా అన్ని ప్రతులూ గైడ్ బల్ల మీద ఒకదాని వెనుక ఒకటి దిద్దుబాటుకు ఎదురుచూడవలసిందే.

కోర్సు అసలు రుచి తెలిసేది కాష్ కోహెరెన్స్ దగ్గర. మెమరీ దూరంగా, నెమ్మదిగా ఉంటుంది గనుక ప్రతి ప్రాసెసరూ తనకు కావలసిన విలువల నకళ్లను కాష్ అనే చిన్న, చురుకైన నిల్వలో దగ్గర పెట్టుకుంటుంది; ఒకరు తమ నకలును మార్చినప్పుడు మిగిలినవారు పాతదాన్నే పట్టుకొని కూర్చోకుండా చూసే నియమావళి కోహెరెన్స్ ప్రోటోకాల్. శుభలేఖలు పంచిన తరువాత ముహూర్తం మారిన పెళ్లివారి స్థితి ఇది. మైకు పెట్టి ఊరంతా చాటించడం ఒక పద్ధతి. అందరూ ఒకే తీగపై చెవి వేసి ఉండే ఈ ఏర్పాటును స్నూపింగ్ అంటారు, ఊరు చిన్నదైతే ఇది చాలు. ఊరు పెద్దదైతే, ఏ ఇంటికి శుభలేఖ వెళ్లిందో రాసిపెట్టుకున్న జాబితా తీసి, ఆ ఇళ్లకే కబురు పంపాలి; ఆ జాబితాకు డైరెక్టరీ అని పేరు, స్టాన్‌ఫర్డ్‌లో 1990 దశాబ్దపు మొదట్లో నిర్మించిన డాష్ యంత్రం దీన్ని ఆచరణలో చూపింది. మెసి అనే ప్రసిద్ధ ప్రోటోకాల్‌లో ప్రతి నకలుకూ నాలుగే స్థితులు: మార్చినది, ఒక్కరి వద్దే ఉన్నది, పంచుకున్నది, చెల్లనిది. పాఠ్యపుస్తకంలోని నాలుగు గుండ్రాల బొమ్మను చూసి ధైర్యం తెచ్చుకొని అసైన్‌మెంటుకు కూర్చున్న విద్యార్థికి, కబురు బయలుదేరి ఇంకా చేరని వేళ, చేరినా జవాబు రాని వేళ, ఆ జవాబుకన్నా ముందే మరొక మార్పు వచ్చిపడిన వేళ ఏ స్థితి రాయాలో ఆ బొమ్మలో కనిపించదు. ఈ మధ్యంతర స్థితులను ఒక్కొక్కటే చేర్చుకుంటూ పోగా నాలుగు కాస్తా డజను దాటుతాయి, అప్పుడు రెండు కాష్‌లు ఒకదాని జవాబుకోసం మరొకటి ఎదురుచూస్తూ శాశ్వతంగా నిలిచిపోతాయి. దీన్ని డెడ్‌లాక్ అంటారు. ఇది ఎక్కువగా గడువుకు ముందు రాత్రే ఎందుకు సంభవిస్తుందో శాస్త్రం ఇంకా వివరించలేదు.

కోహెరెన్స్ ఒకే చిరునామాకు సంబంధించిన ఒప్పందం కాగా, వేర్వేరు చిరునామాలలో జరిగే రాతలు ఇతరులకు ఏ వరుసలో కనిపించాలో తేల్చేది కన్సిస్టెన్సీ మోడల్. అన్ని ప్రాసెసర్ల పనులూ ఏదో ఒక వరుసలో కలిసి జరిగినట్టుండాలని, ఆ వరుసలో ఏ ఒక్క ప్రాసెసర్ క్రమమూ తప్పకూడదని లెస్లీ లాంపోర్ట్ 1979లో రెండే పేజీల వ్యాసంలో నిర్వచించాడు. ఇంత సబబైన కోరికను నేటి ప్రధాన ప్రాసెసర్లు మన్నించవు. ఏ, బీ అనే రెండు చలరాశులూ సున్నాగా ఉండగా, ఒక ప్రాసెసర్ ఏలో 1 రాసి బీని చదివితే, మరొకటి బీలో 1 రాసి ఏను చదివితే, కనీసం ఒకదానికైనా 1 కనిపించాలని ఎవరికైనా తోస్తుంది. కాని ఇంటెల్ తరహా ప్రాసెసర్లు రాతలను స్టోర్ బఫర్ అనే చిన్న క్యూలో కాసేపు నిలిపి, ఈలోగా చదవడం ముగించేయగలవు గనుక రెండింటికీ సున్నాయే కనిపించవచ్చు. దీన్ని ఆపడానికి ఫెన్స్ అనే ఆదేశం ఉంది. నాలుగు పంక్తుల ఈ ప్రోగ్రాముకు ఒక క్లాసు పూర్తిగా ఖర్చవుతుంది. అర్థమైందన్నవారు పరీక్షలో ఫెన్స్‌ను తప్పుచోట పెడతారు, అర్థం కాలేదన్నవారు ప్రతి పంక్తి తరువాతా ఒకటి పెట్టి మార్కులు తెచ్చుకుంటారు.

కొత్త ఆలోచనను పరీక్షించడానికి చిప్ తయారుచేయించే స్తోమత విద్యార్థికి ఉండదు కనుక, యంత్రాన్ని అనుకరించే జెమ్5 వంటి సిమ్యులేటరే అతనికి దిక్కు. పదహారు కోర్లు ఒకేసారి పనిచేయడాన్ని అనుకరించే ఈ ప్రోగ్రాము తాను మాత్రం సాధారణంగా ఒకే కోర్‌పై నడుస్తుంది. అసలు యంత్రం ఒక సెకనులో చేసే పనిని ఇది వివరంగా అనుకరించేసరికి రోజులు గడిచిపోతాయి, ఆ రోజుల్లో విద్యార్థి మిగిలిన కోర్లపై ఉద్యోగ ప్రకటనలు వెతుక్కుంటాడు. నడిపే ప్రోగ్రాములు తరచుగా 1995 నాటి స్ప్లాష్-2 సంపుటిలోవి; వాటిలో ఒకటి సముద్ర ప్రవాహాలను, ఒకటి నీటి అణువులను, మరొకటి నక్షత్రాల పరస్పర ఆకర్షణను గణిస్తుంది. సముద్రాన్నీ నక్షత్రాలనూ ఇన్నిసార్లు లెక్కకట్టి, వచ్చిన జవాబేమిటో చూడకుండా ఎంతసేపు పట్టిందో మాత్రమే రాసుకొనే శాఖ విజ్ఞానంలో మరొకటి అరుదు.

ఇంత చేశాక వచ్చిన గ్రాఫులో ఎనిమిది కోర్లు కలిసి ఒక కోర్ కన్నా నెమ్మదిగా నడవడం కద్దు. ఫాల్స్ షేరింగ్ దీనికి తరచు కారణం: కాష్‌లు విలువలను విడివిడిగా కాక సాధారణంగా 64 బైట్ల ముక్కలుగా తెచ్చుకుంటాయి గనుక, పరస్పర సంబంధం లేని రెండు కౌంటర్లు ఒకే ముక్కలో పడితే, ప్రాసెసర్లు తమ తమ కౌంటరును పెంచిన ప్రతిసారీ ఆ ముక్క వాటి మధ్య అటూ ఇటూ పరుగెడుతుంది. నివారణ తేలిక, ఎనిమిది బైట్ల కౌంటరు పక్కన దేనికీ పనికిరాని 56 బైట్లు చేర్చితే దేని ముక్కలో అది ఉంటుంది, ప్రోగ్రాము ఒక్కసారిగా పుంజుకుంటుంది. ఆ 56 బైట్లను డేటా అమరికలో మెరుగుదల అనే శీర్షికతో థీసిస్‌లో ఒక అధ్యాయంగా విస్తరించడం ఆచారం. వాటిలో ఏముందని వైవాలో పరీక్షకుడు అడిగినప్పుడు, ఏమీ లేదన్న నిజాన్ని ముఖం చెదరకుండా చెప్పడం విద్యార్థి అప్పటికి నేర్చుకొని ఉంటాడు.