కొట్టు గుమాస్తా, కంప్యూటరు బల్ల

కొట్టు గుమాస్తా అంటే గుంటూరు మిర్చి యార్డులోనూ, అక్కడినుంచి చిలకలూరిపేట, నరసరావుపేట, పర్చూరు, మార్టూరు దాకా ఉన్న కమిషన్ కొట్లలోనూ, జిన్నింగు మిల్లుల ఆఫీసుల్లోనూ కంప్యూటరు ముందు కూర్చుని లెక్కలు రాసే మనిషి. వయసు యాభై దాటి ఉంటుంది. చెవి మీద పెన్ను ఉంటుంది. దాంతో రాసి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. టిక్కీ (మిర్చి బస్తా) తూకంలో అరకిలో తేడా వస్తే కాటా దగ్గరికి వెళ్లకుండానే పసిగడతాడు. బయట విప్పింది తేజా రకం టిక్కీయో, 334 రకం టిక్కీయో తన తుమ్మును బట్టి చెబుతాడు. అంతటివాడికి తన కుర్చీ నాలుగంగుళాలు పొట్టిదన్న సంగతి మాత్రం ఏళ్ల తరబడి దృష్టికి రాదు. ఈ వ్యాసం ఆ నాలుగంగుళాల గురించి.

కంప్యూటరు రాకముందు గుమాస్తా నేల మీదే కూర్చునేవాడు. కింద పరుపు, వెనక బాలీసు, ముందు మూత వాలుగా ఉండే రాతపెట్టె, పక్కన గల్లాపెట్టె. చిట్టా రాసినా, ఆవర్జాకు ఎక్కించినా పుస్తకం కంటికి ఎదురుగా వాలి ఉండేది కాబట్టి మెడ మరీ వంగేది కాదు. నడుముకు బాలీసు ఆనేది. మోకాళ్లు మాత్రం పట్టేసేవి. అంటే అప్పుడూ సుఖం లేదు, బాధ ఉన్న చోటు వేరు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జిని వృత్తిరోగాల మీద 1700లో వెలువరించిన గ్రంథాన్ని 1713లో పెంచి రాసినప్పుడు లేఖకుల జబ్బులకు ప్రత్యేకంగా చోటిచ్చాడు. ఆయన చూపిన కారణాలు మూడు: కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఎప్పుడూ ఒకే తీరున ఆడటం, కూడికల్లో తప్పు పోతే యజమానికి నష్టం వస్తుందన్న దిగులు. మూడోది చదివితే ఆయన ఎప్పుడో గుంటూరు వచ్చి వెళ్లాడేమోనన్న అనుమానం కలుగుతుంది.

లెక్కల సాఫ్ట్‌వేరు ట్యాలీ వచ్చాక రాతపెట్టె అటకెక్కింది. 2016 ఏప్రిల్‌లో కేంద్రం పంటల ఆన్‌లైన్ మార్కెట్ ఈ-నామ్ మొదలుపెట్టింది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. మరుసటి ఏడాది ఈ-వే బిల్లు. ఇవన్నీ కంప్యూటరు మీద పనులే. పొద్దున బేరాలు, మధ్యాహ్నం కాటాలు ముగిశాక గుమాస్తా అసలు పని మొదలవుతుంది. సీజన్లో అది రాత్రి ఏ వేళకు తెములుతుందో చెప్పలేం. ఇంత పని చేసిపెట్టే కంప్యూటరును కొట్టు కొత్తల్లుణ్ణి దింపుకున్నట్టు దింపుకుంది. దానికి గాజు తలుపుల గది, ఏసీ, స్టెబిలైజరు, పని లేనప్పుడు కప్పడానికి అంచున్న గుడ్డ, దసరాకు కుంకుమ బొట్టు, నిమ్మకాయ. ఇవన్నీ సర్దాక మిగిలిన జాగాలో గుమాస్తాను సర్దారు.

బల్ల ఎక్కడ వేయాలన్నది ముందు వాస్తు, తర్వాత ప్లగ్గు, ఆపైన గల్లాపెట్టె తేలుస్తాయి. వెలుగు మాటకు ఓటు లేదు. నిజానికి కిటికీగానీ షట్టరుగానీ పక్కకు ఉండాలి. వీపు వెనక ఉంటే వెలుగంతా తెర మీద పడి అంకెలు మాసిపోతాయి. తెర వెనక ఉంటే కంట్లో గుచ్చుకుంటుంది. అయితే గుమాస్తా షట్టరుకు వీపు పెట్టడు, ఎవరొచ్చారో తెలియాలి. గల్లాపెట్టెకు అసలే వీపు పెట్టడు. అందుచేత మధ్యాహ్నం మూడింటి ఎండ నేరుగా మొహాన కొడుతుంటే, ఎడమచెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని కుడిచేత్తో బిల్లులు కొడతాడు. కొందరు పాత క్యాలెండరు అట్టను తెర నెత్తిన చూరులా అతికిస్తారు. ఆ ఉపాయం మాత్రం మెచ్చుకోదగ్గదే.

ఇక కుర్చీ. మామూలు బల్ల ఎత్తు ముప్పై అంగుళాలు. దానికి జోడీగా వేసే ప్లాస్టిక్ కుర్చీ పెళ్లిపందిట్లో భోజనం ముందో తర్వాతో కాసేపు కూర్చునేందుకు పుట్టింది. పన్నెండు గంటలు కూర్చునేందుకు కాదు. అందులో కూర్చుంటే కీబోర్డు రొమ్ము దాకా వస్తుంది. అప్పుడు భుజాలు చెవుల వైపు లేస్తాయి, మణికట్టు వెనక్కి విరుగుతుంది. సరైన ఎత్తు తెలుసుకోవడానికి టేపు కూడా అక్కర్లేదు: భుజాలు వదులుగా జారవిడిచి, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా పెట్టి మడిస్తే ముంజేతులు కీబోర్డు మట్టానికి రావాలి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. ఆనకపోతే కింద ఒక చెక్కపీట వేసుకోవాలి. కుర్చీ వీపు నడుము పల్లంలో తగలాలి.

గుమాస్తాకు ఈ కొలత తెలియదు గానీ, తన పద్ధతులు తనకున్నాయి. మొదటిది, ఒకదాంట్లో ఒకటి దోపిన రెండు కుర్చీల మీద కూర్చోవడం. ఎత్తు అంగుళమో రెండంగుళాలో పెరుగుతుంది. హోదా మాత్రం బాగా పెరుగుతుంది. రెండోది, మడతపెట్టిన గోనెసంచి. మిర్చి గోనె అయితే దాని మీద కూర్చోవడానికి ఎంత అనుభవం కావాలో యార్డు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మూడోది, కుర్చీ అంచున కూర్చుని కీబోర్డు మీదికి వాలడం. అప్పుడు కుర్చీ వీపు పూర్తిగా ఖాళీ. దాని మీద తువ్వాలు ఆరేస్తారు.

అదే గదిలో మంచి కుర్చీ లేకపోలేదు. అయిదు కాళ్ల చక్రాల కుర్చీ, ఎత్తు తగ్గించి పెంచే మీటతో, నడుము దగ్గర ఉబ్బెత్తుతో, గాజు తలుపుకు ఎదురుగా ఉంటుంది. అది షావుకారుగారిది. కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. ఆయన రోజుకు ఇరవై నిమిషాలు అందులో కూర్చుని, వీపు అంటుకుంటోందని విసుక్కుని లేచిపోతారు. ఆయన లేని వేళ అందులో కూర్చోమంటే గుమాస్తా ఒప్పుకోడు. “కుర్చీకి మర్యాద ఉంటుందయ్యా” అంటాడు. తన నడుముకూ ఉంటుందని ఎవరూ చెప్పిన పాపాన పోలేదు.

తెర విషయంలో కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇక్కడ మంచి సలహా కూడా బెడిసికొడుతుంది. తెర చాచిన చెయ్యంత దూరంలో, పై అంచు కంటికి సమంగానో కాస్త దిగువనో ఉండాలన్నది అందరూ చెప్పే సూత్రం. ఈ వ్యాసానికి ముఖ్య నమూనా అయిన గుమాస్తాకు ఒక మేనల్లుడున్నాడు. సంక్రాంతికి బెంగళూరు నుంచి దిగిన ఆ మేనల్లుడు కొట్టుకొచ్చి చూసి, “మావయ్యా, తెర మరీ కిందుంది. మెడ పోతుంది” అన్నాడు. “నువ్వు నాకు కంప్యూటరు నేర్పేంతవాడివయ్యావట్రా” అంటూనే మావయ్య ఒప్పుకున్నాడు. అటక మీది ఆవర్జాలు నాలుగు దించి తెర కింద పెట్టారు. ఎత్తు సూత్రం ప్రకారం సరిపోయింది. మర్నాటి నుంచి ఆయన గడ్డం సీలింగు వైపు లేచింది. సీజను సగమయ్యేసరికి గుమాస్తాగారికి గర్వం తలకెక్కిందని రైతులు చెప్పుకోవడం మొదలుపెట్టారు.

కారణం కళ్లద్దాలు. దూరపు చూపు, దగ్గరి చూపు ఒకే అద్దంలో కలిపి ఉన్నప్పుడు దగ్గరివి చూడటానికి కింది భాగమే పనికొస్తుంది. తెర ఎత్తయితే ఆ కింది భాగంలోంచి చూడటానికి తల వెనక్కి వాల్చక తప్పదు. మెడ వెనకభాగం నొక్కుకుపోతుంది. ఇలాంటి అద్దాలున్నవాళ్లు తెరను ఇంకా దించుకోవాలి, కొద్దిగా వెనక్కి వాల్చుకోవాలి. లేదా తెర దూరానికి సరిపడా వేరే జత చేయించుకోవాలి. మావయ్య రెండూ చేయలేదు. మేనల్లుడు ఎత్తించిన తెరను తాను దించితే ఓడిపోయినట్టవుతుందని అలాగే ఉంచాడు.

మెడకు తెర కంటే పెద్ద శత్రువు ఫోను. గుమాస్తా రెండు చేతులూ కీబోర్డు మీద ఉంటాయి. ఫోను ఎడమచెవికీ ఎడమభుజానికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. తల ఆ వైపు వాలిపోయి, కుడివైపు మెడనరం తాడులా బిగుసుకుని కనిపిస్తుంది. ఎదుట నిలబడ్డ రైతు “గుమాస్తాగారూ, నా పట్టీ అయిందా?” అంటే ఆ వాలిన తలతోనే “ఆగు బాబాయ్, సర్వరు తిరుగుతోంది” అంటాడు. స్పీకరు పెట్టుకోవచ్చుగా అనడం తేలిక. ఖమ్మం మిర్చి రేటు స్పీకర్లో వింటే పక్కకొట్టు కూడా వింటుంది. చెవిలో పెట్టుకునే తీగ ఒకటి తెచ్చుకుంటే మెడా దక్కుతుంది, రేటూ దక్కుతుంది.

కీబోర్డులో ఆయనకు కావలసింది కుడిపక్క అంకెల గడులే. అవి లేని ల్యాప్‌టాప్‌ను కంప్యూటరుగా ఒప్పుకోడు. ఆ గడులు మాత్రం సీజన్లో ఎర్రగా మారతాయి. శాంపిలు కాయ విరిచి చూసిన వేళ్లతోనే అయిదూ ఏడూ నొక్కుతాడు. కొత్తగా చేరిన కుర్రాడు అదే కీబోర్డు మీద గంట పనిచేసి, అలవాటుగా కన్ను నలుపుకుంటాడు. తర్వాత కాసేపు కొట్టులో లెక్కలు ఆగిపోతాయి. కీబోర్డు మీద పరిచే పల్చటి రబ్బరు తొడుగు, పక్కన సబ్బు, నీళ్లు ఉంటే చాలు. తెర చూసేటప్పుడు మనిషి రెప్పలు తక్కువ వేస్తాడు కాబట్టి కళ్లు పొడిబారతాయని వైద్యులు చెబుతారు. యార్డులో ఘాటే కళ్లు తడుపుతుందని గుమాస్తా ధీమా. అది వైద్యం కాదు.

ఘాటు యంత్రానికీ పడుతుంది. సీపీయూ లోపలి ఫ్యాను మిర్చి ధూళిని పీల్చి పేర్చుకుంటుంది. ఏడాదికోసారి మెకానిక్కు వచ్చి బ్లోయరు పెట్టి ఊదినప్పుడు కొట్టుతోపాటు వీధి కూడా తుమ్ముతుంది. ఆ పని ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేయాలి. జిన్నింగు మిల్లు గుమాస్తాకు ఇంకో గండం. సీపీయూ జాలీ మీద దూది నూగులా పేరుకుంటుంది. గాలి ఆడక యంత్రం వేడెక్కుతుంది, నిప్పురవ్వ పడితే దూది ఊరుకోదు. అలాంటి చోట గుమాస్తాలు ఒకే ప్లగ్గుకు పెట్టిన పొడిగింపు పెట్టెలోంచి కంప్యూటరు, ప్రింటరు, టేబుల్ ఫ్యాను, దోమల బ్యాటు, ముగ్గురి ఫోన్లు నడిపిస్తారు. మూడు పిన్నుల ప్లగ్గు రెండు రంధ్రాల సాకెట్లో పట్టలేదని మూడో పిన్ను విరిచేస్తారు. విరిచింది ఎర్తు పిన్ను, అంటే షాకు కొట్టకుండా కాపాడేది. యూపీఎస్ సందులో అగరుబత్తి గుచ్చుతారు. పక్కనే గోనెసంచుల కట్ట. ఇక్కడ హాస్యం ఆపి చెప్పాలి: ఆ బత్తి తీసి దేవుడి పటం దగ్గర పెట్టాలి, ఎర్తు ఉన్న సాకెట్టు వేయించాలి, వైర్లు నడిచే దారిలో లేకుండా గోడకు కొట్టించాలి.

విశ్రాంతికీ ఒక లెక్క ఉంది. ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల దూరంలోని దేన్నయినా, ఇరవై సెకన్లు చూడమంటారు. సీజన్లో కొట్టులో ఇరవై అడుగుల దూరం దొరకదు. ఎటు చూసినా పదడుగుల్లో టిక్కీల వరస. గడపదాకా నడిచి వస్తే కన్నుకు దూరం, కాలికి కదలిక రెండూ దొరుకుతాయి. కానీ టీ కుర్రాడు గ్లాసును బల్ల దగ్గరికే తెస్తాడు. బ్యాంకు పని ఫోన్లో అయిపోతుంది.

సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. దానికి గుమాస్తా చెప్పే కారణాలు వరసగా వంకాయ, ఏసీ గాలి, వాతం, పక్కకొట్టువాడి దిష్టి. కుర్చీ పేరు ఎక్కడా రాదు. సొరుగులోంచి అమృతాంజనం సీసా వస్తుంది. ఆ మందును 1893లో మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావుగారే 1908లో ఆంధ్రపత్రికనూ స్థాపించారు. మెడ వంచి చదివే సరుకు, మెడకు రాసుకునే మందు తెలుగువాళ్లకు ఒకే చేతి మీదుగా అందాయి. రాసుకున్న చోట రాత్రికి చల్లగా ఉంటుంది. పొద్దున్నే అదే కుర్చీ.

నెప్పి వారాల తరబడి తగ్గకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా, రాత్రి చెయ్యి జివ్వుమని మెలకువ వచ్చినా సీసా పక్కనపెట్టి డాక్టరుకు చూపించుకోవాలి.

ఎండలు ముదిరాక యార్డుకు ఏటా సెలవులిస్తారు. కొట్లలో బల్లలు తిప్పడానికి, వైర్లు సర్దడానికి అదే అదును. కమిషన్ కొట్ల షావుకార్లకు ఒక మనవి: కుర్చీ కొనబోయేటప్పుడు గుమాస్తాను వెంట తీసుకెళ్లి, కూర్చోబెట్టి, మోచేయి మట్టం చూసి కొనండి. ఖర్చనిపిస్తే, చక్రాల కుర్చీ కవరు విప్పి ఆయనకిచ్చి, ఆ ప్లాస్టిక్ కుర్చీ మీరు తీసుకోండి. మీరు కూర్చునేది ఇరవై నిమిషాలేగా.