తిట్టినవాళ్ళ మాటే వినండి

డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో ఉద్యోగం చేసే మనవాళ్ళు సినిమాకి బయల్దేరే ముందు ఫోన్ తీసి స్టార్లు చూస్తారు. మూడున్నర దాటితే టికెట్ బుక్ చేస్తారు. దాటకపోతే "ఓటీటీలో వచ్చాక చూద్దాంలే" అంటారు. పాయింట్ స్క్వేర్ ఓడియన్‌లో పండగ సినిమాకి వెళ్ళేటప్పుడు ఈ లెక్క కొంత పనికొస్తుందేమో. ఇటాలియన్ ప్రేమకథకి మాత్రం అస్సలు పనికిరాదు. అందుకే నేనిచ్చే సలహాలు అందరూ చెప్పేవాటికి ఎదురుగా ఉంటాయి. తలకిందులుగా ఉన్నాయనిపించినా ఒకసారి పాటించి చూడండి.

అన్నిటికంటే ముందు, మెచ్చుకున్నవాళ్ళని వదిలేసి తిట్టినవాళ్ళని చదవండి. మెచ్చుకునేవాళ్ళందరూ ఒకేలా మెచ్చుకుంటారు: అద్భుతం, కవిత్వంలా ఉంది, ఫోటోగ్రఫీ సూపర్, మ్యూజిక్ గుండెల్లోకి వెళ్ళింది. ఈ మాటలు పట్టుకుని అది ఏ సినిమానో కూడా పోల్చుకోలేం. తిట్టేవాళ్ళు వివరాలతో సహా తిడతారు. "రెండు గంటల ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు, దీవిలో తప్పిపోయిన అమ్మాయి ఏమైందో చివరిదాకా చెప్పలేదు, ఆమెను వెతకడానికి వెళ్ళిన ప్రియుడూ స్నేహితురాలూ ఒకరినొకరు ప్రేమించేసుకున్నారు" అని ఎవరైనా మండిపడితే అది ఆంటోనియోనీ తీసిన 'లవ్వెంతూరా' అని ఇట్టే చెప్పెయ్యొచ్చు. అందులో ఉన్నది సరిగ్గా అదే. పోయిన మనిషిని మరిచిపోవడం ఎంత తేలికో, ఆ తేలికదనం ఎంత భయంకరమో చూపించడానికే ఆ సినిమా తీశారు. 1960లో కాన్ ఉత్సవంలో ప్రేక్షకులు అరిచి గోల చేస్తే దర్శకుడూ, కథానాయిక మోనికా విట్టీ హాల్లోంచి లేచి వెళ్ళిపోయారు. మర్నాడు రోసెల్లినీతో సహా కొందరు సినిమావాళ్ళు, విమర్శకులు దాన్ని సమర్థిస్తూ ప్రకటన మీద సంతకాలు పెట్టారు. దానికి జ్యూరీ బహుమతి కూడా వచ్చింది. రెండేళ్ళ తర్వాత సైట్ అండ్ సౌండ్ పత్రిక విమర్శకుల చేత వేయించిన ఓట్లలో అది రెండో స్థానంలో నిలిచింది. అరిచినవాళ్ళు సినిమాని తప్పుగా చూడలేదని నేనంటాను. వాళ్ళు చూసింది నిజమే, దాన్ని భరించలేకపోయారంతే.

ఇలాంటి తగవు డబ్లిన్‌కి కొత్త కాదు. పాయింట్ దగ్గర లువాస్ రెడ్ లైన్ ఎక్కి జెర్విస్‌లో దిగితే మేరీ స్ట్రీట్ పక్కనే ఉంటుంది. ఆ వీధిలో 45వ నంబరు ఇంట్లో 1909 డిసెంబర్ 20న జేమ్స్ జాయిస్ 'వోల్టా' అనే సినిమా హాలు తెరిచాడు. ఇటలీ సాహిత్యమన్నా భాషన్నా ప్రాణమిచ్చే మనిషి. అప్పట్లో త్రియెస్తెలో కాపురముండేవాడు, పెట్టుబడి పెట్టింది అక్కడి వ్యాపారులే. అందుకని ఇటలీ బొమ్మలు కూడా చాలానే తెప్పించాడు. తెరమీద పడే అక్షరాలు ఇటాలియన్‌లో ఉంటే, అర్థం రాసిన కాగితాలు ప్రేక్షకులకి పంచేవాళ్ళు. మొదటిరోజు వేసినవాటిలో బియాట్రిస్ చెంచి విషాదగాథ ఒకటి. బొమ్మ బాగుంది కానీ క్రిస్మస్ ముందు ఇంత దుఃఖమా అన్నట్టు రాసింది ఒక డబ్లిన్ పత్రిక. ఆ రెండు ముక్కల్లో పొగడ్త కన్నా ఫిర్యాదే ఎక్కువ సమాచారం ఇస్తుంది: ఆ కథ ఏడిపిస్తుందని, ప్రేక్షకులు నవ్వుకోవడానికి వచ్చారని. హాలు నిలబడలేదు. 1910లో నష్టానికి అమ్మేశారు.

ఇంకో సలహా, ముగింపు తెలుసుకునే వెళ్ళండి. ఎవరైనా క్లైమాక్స్ చెప్పేస్తే కొట్టినంత పని చేస్తాం ఈమధ్య. మనకి ఈ జబ్బు ఎప్పుడు పట్టిందో గాని, మన పెద్దవాళ్ళకి లేదు. 1953లో 'దేవదాసు'కి బళ్ళు కట్టుకుని వెళ్ళినవాళ్ళలో చాలామందికి ఆ ప్రేమ ఎలా ముగుస్తుందో తెలుసు. 'మాయాబజార్'లో శశిరేఖ పెళ్ళి ఎవరితో జరుగుతుందో అనే బెంగ ఎవరికీ లేదు. ముగింపు తెలిస్తే కన్ను కథ వెంట పరిగెత్తడం మానేసి మనుషుల మీద నిలబడుతుంది. 'ఇల్ పోస్తీనో' చూడబోయేవారికి నేను సినిమా చివర జరిగేదే కాదు, తెర వెనక జరిగింది కూడా ముందే చెప్తాను. పోస్ట్‌మాన్‌గా వేసిన మాసీమో త్రోయిసీ గుండె ఆపరేషన్ వాయిదా వేసుకుని ఆ సినిమా పూర్తి చేశాడు. రోజుకి కొద్దిసేపే నటించగలిగేవాడు, శ్రమ ఉన్నచోట డూప్‌ని పెట్టారు. షూటింగ్ ముగిసిన మర్నాడు, 1994 జూన్ 4న పోయాడు. వయసు 41. ఇది తెలియనివాళ్ళు "హీరో డల్‌గా ఉన్నాడు" అంటారు. తెలిసినవాళ్ళు అతను తెరమీద ఓ కవిగారి ఎదుట నిలబడి మాటలు వెతుక్కుంటుంటే ఊపిరి బిగబట్టి చూస్తారు.

డబ్బింగ్ దొరికితే సిగ్గుపడకుండా డబ్బింగే చూడండి. సబ్‌టైటిల్స్ లేని సినిమా సినిమాయే కాదనే వాదం ఆఫీసు క్యాంటీన్లలో తరచూ వినబడుతుంది. ఇటాలియన్లే దశాబ్దాల పాటు తమ సినిమాలకి తర్వాత గొంతు అతికించుకున్నారు. నటి క్లాడియా కార్డినాలే ట్యూనిస్‌లో పుట్టి పెరిగింది, తొలి చిత్రాల్లో ఆమెకి వేరేవాళ్ళు మాట్లాడారు. ఆమె సొంత గొంతు వినపడింది 1963లో ఫెలీనీ 'ఎయిట్ అండ్ ఎ హాఫ్'లో. సరిత, రోజారమణి గొంతుల్ని ఎందరో కథానాయికల నోట విని పెరిగినవాళ్ళం. పెదవులు కలవలేదని ఫిర్యాదు చేసే హక్కు మనకెక్కడిది?

ఇక అసలైన విషయం 'సినిమా పరదీసో'. దీని గురించి ఎవరైనా అభిప్రాయం చెప్తే, ఏ నిడివి చూశారో ముందు అడగండి. దర్శకుడు తొర్నతోరే 1988లో ఇటలీలో విడుదల చేసింది 155 నిమిషాల సినిమా, జనం పట్టించుకోలేదు. 124 నిమిషాలకి కుదించాక కాన్‌లో బహుమతి, తర్వాత ఆస్కార్ వచ్చాయి. 2002లో 173 నిమిషాల రూపం బయటికొచ్చింది. పొట్టిదాంట్లో హీరో ప్రేమించిన ఎలీనా ఎందుకు కనిపించకుండా పోయిందో తెలియదు. పొడుగుదాంట్లో ఆమె ముప్పై ఏళ్ళ తర్వాత ఎదురుపడుతుంది, వాళ్ళని విడదీయడంలో సినిమా హాలు ఆపరేటర్ ఆల్ఫ్రెడో హస్తం ఉందని తెలుస్తుంది. అంతదాకా తాతలా ప్రేమించిన మనిషి మీద కోపం వస్తుంది. "ఎందుకు చూపించారయ్యా ఇది" అని ప్రేక్షకులు ఇప్పటికీ విసుక్కుంటారు. అందరూ పొట్టిదే చాలంటారు. నేను పొడుగుదే చూడమంటాను. కుర్రాడి భవిష్యత్తు కోసం పెద్దవాళ్ళు ప్రేమని కోసెయ్యడం మన ఇళ్ళల్లో జరగని పనా? వీసాలు, ఉద్యోగాలు చూసుకుని సముద్రం దాటి వచ్చిన మనకి ఆ ఆల్ఫ్రెడో బాగా తెలిసినవాడే. పొట్టిదాంట్లో హాయిగా ఏడవచ్చు. పొడుగుదాంట్లో ఎవరిని క్షమించాలో తేల్చుకోవాల్సి వస్తుంది.

ఒక్కరే వెళ్ళకండి. అభిరుచి కలిసినవాళ్ళని తీసుకెళ్ళినా ఉపయోగం లేదు. నచ్చదని ముందే తెలిసినవాళ్ళని లాక్కెళ్ళండి. మీ టీమ్‌లో ఇటాలియన్ ఎవరైనా ఉంటే మరీ మంచిది, వాళ్ళ సినిమాల మీద వాళ్ళకుండే కోపం వినితీరాలి. స్మిత్‌ఫీల్డ్ లైట్‌హౌస్‌లో చూసి రెడ్ లైన్‌లో తిరిగొస్తూ స్పెన్సర్ డాక్‌లో దిగి, బెకెట్ వంతెన మీదుగా గ్రాండ్ కెనాల్ డాక్ దాకా నడిస్తే తగవు పడటానికి కావలసినంత టైము దొరుకుతుంది. గాలి ఎక్కువ, జాకెట్ మరవకండి.

ఇంటికొచ్చాక రాయండి. "వన్ టైమ్ వాచ్", "సెకండాఫ్ ల్యాగ్" అని మాత్రం రాయకండి, దయచేసి. 'మరో చరిత్ర'లో ఇద్దర్నీ చంపేసినా గుండెకి హత్తుకున్న ప్రేక్షకులం మనం, విషాదం ఓర్చుకోలేనివాళ్ళం కాదు. ఎక్కడ విసుగొచ్చిందో, ఆ సమయంలో తెరమీద ఎవరున్నారో, మీకు ఏ మాట గుచ్చుకుందో రెండు వాక్యాల్లో రాసి స్టార్లు ఖాళీగా వదిలెయ్యండి. తర్వాత వెళ్ళేవాళ్ళకి కావలసింది ఆ రెండు వాక్యాలే.