కోడికాలి ప్రమాణము

2020 ఫిబ్రవరిలో హైదరాబాదున కె. తారకరామారావు, ఈటల రాజేందర్ ప్రభృతి మంత్రివర్యులు వేదికనెక్కి, జనసమక్షమున కోడిమాంసము నారగించి, కరోనాకును కోడికిని సంబంధము లేదని చాటిన నాటినుండియు, మన రోగనిర్ణయశాస్త్రమునకు ప్రత్యక్షానుమానములను మించిన భక్షణమను నవీన ప్రమాణ మొకటి సమకూరినది. నాడు వారు చెప్పిన మాట నిజమే. నిజమగుటయే మన దురదృష్టము, ఏలయన నొకమారు ఫలించిన చిట్కాను విడుచు నలవాటు మనకు లేదు.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోని వేల్పూరు, కానూరు ఫారములలో కోళ్లు కుప్పకూలి, అది హెచ్‌5ఎన్‌1 బర్డ్‌ఫ్లూ యని భోపాలు ప్రయోగశాల తేల్చగా, కోదాడ చెంత రామాపురం క్రాస్‌రోడ్డున చెక్‌పోస్టు వెలసి, ఆంధ్రనుండి వచ్చు కోళ్లలారీలు వెనుకకు మరలెను. లారీని ఆపవచ్చును, మట్టపల్లి కడ కృష్ణ దాటి పల్నాటినుండి మన హుజూర్‌నగర్ చెరువులపై వ్రాలు కొంగలను వేబిల్లు చూపుమని అడుగు వారెవరు? ఇంతలో పట్టణములందు చికెన్ మేళాలు మొదలయ్యెను. ఉచితముగా వడ్డించిన ముక్క తినినవారెవ్వరును చావలేదు గాన రోగము లేదని సిద్ధాంతము.

అయ్యా, ఉడికిన ముక్కను శంకించినదెవరు? డెబ్బది డిగ్రీల వేడికి నశించు క్రిమి, మన యిల్లాండ్రు కారము దట్టించి కుతకుత నుడికించు కూరలో బ్రతుకునా? అది మనుష్యుని కలసికొనుచోటు విస్తరి కాదు. ఆదివారము ప్రొద్దున ఏ చికెన్ సెంటరు ముందైనను నిలువుడు: కుర్రవాడు గొంతు కోసిన కోడిని డ్రమ్ములో పడవైచును, అది రెక్కలు కొట్టుకొన్నంతసేపు నెత్తురుతుంపరలు వాని మొగమున చిందును, తుడుచుకొనుటకు వానికున్నది ఆ చేయియే, ఆ చేతితోనే చిల్లర యిచ్చును, ఆ చేతితోనే చాయ్ గ్లాసందుకొనును. ఫారములో రెట్ట యెత్తు కూలివాని ముక్కునకు అడ్డమైనది తలగుడ్డ కొసయే. వీరి జ్వరమును లెక్కించు రిజిస్టరు ఏ మేళాలోను ప్రదర్శింపబడలేదు.

మేళాల పొయ్యిలారిన పిమ్మట, ఆ మార్చిలోనే నరసరావుపేట పసిపాప యొకతె ఈ వ్యాధితో మరణించినది. పచ్చిమాంసపు ముక్క నోట పెట్టుకొన్నదని చెప్పిరి. అంతకు ముందటి యేడే అమెరికాలో నిదే క్రిమి పాడియావులకు సోకి, వానిని పిదుకువారి కన్నులను ఎర్రజేసినది. పక్షినుండి పశువునకు, పశువునుండి మనుష్యునకు అది మెట్టుమెట్టుగా దిగుచుండగా, మనము కాలిముక్క మెత్తగా నుడికినదా యని పరీక్షించుచున్నాము!

తదుపరి మేళాకు నాదొక మనవి. వేదికపై వంటవానితోబాటు ఆ డ్రమ్ముకడి కుర్రవానిని గూడ కూర్చుండబెట్టి, పశువైద్యుడును మనుష్యవైద్యుడును కలసి వాని గొంతునుండి నమూనా తీయుదురుగాక. అది చూచుటకు జనము రారందురా? బిర్యానీ ఉచితమని వ్రాయుడు.